నా కొత్త ఫోటోలు, చూడండి

ఆ ప్రమాదం నా దగ్గరికి మొదట పొగడ్త రూపంలో వచ్చింది.

కుప్పంలో ఇంజనీరింగు చదువుతున్న రోజులవి. రెండువేల ఆరో, ఏడో. మా ఆడపిల్లల హాస్టలుకు వరండాలో ఒకే ఒక్క ఫోను ఉండేది. దాని పక్కన ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తలకు నూనె రాసుకుంటూ కూర్చుని ఉండేవాళ్ళు. ఫోనులో రహస్యం మాట్లాడాలంటే ముందు హాస్టలు మారాలి. ఒక సాయంత్రం వాల్మీకిపురం నుంచి చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, ఆ ఫోనుకు చేసింది.

"నీ ఫోటో సూసినామమ్మా. శానా బాగుండాది."

"ఏ ఫోటో చిన్నమ్మా?"

"అదే, కంప్యూటర్లో పంపించినావు గదా. మీ చిన్నాయన గూడా సూసినాడు. బాగొచ్చిందన్న్యాడు."

నేను ఎవరికీ ఫోటో పంపలేదు. పంపడానికి నా దగ్గర ఉన్నది హాల్ టికెట్టు మీది ఫోటో ఒక్కటే. దాన్ని చూసి బాగుందనే మనిషి అప్పటికింకా పుట్టలేదు. చిన్నమ్మ పొరబడిందనుకుని ఫోను పెట్టేశాను. మర్నాడు మదనపల్లె నుంచి అత్త, అంటే మా మామ భార్య, చేసింది. ఆమెదీ అదే మాట. ఫోటో చూసిందట, బాగుందట.

నాకు కాస్త అసౌకర్యంగా అనిపించింది. ఆ రాత్రి అన్నం కంచం అలాగే ఎత్తి పెట్టేశాను.

ఆ రోజుల్లో కెమెరా ఫోన్లు కొత్త. ఎక్కడో ఒక కాలేజీలో ఎవరో అమ్మాయి తలను ఇంకెవరి ఒంటికో అతికించారనే కథ ప్రతి హాస్టల్లోనూ తిరిగేది. ఆ కాలేజీ పేరు ఎవరికీ తెలియదు. పేరు తెలియని కాలేజీని మించిన భయంకరమైన కాలేజీ లేదు, ఎందుకంటే అది మనదే అయినా కావచ్చు. కొంతమంది అమ్మాయిలు స్నానాల గది వెంటిలేటరుకు తువ్వాలు కట్టి గాని లోపలికి వెళ్ళేవాళ్ళు కాదు. వాళ్ళను చూసి అందరికంటే ఎక్కువ నవ్విందాన్ని నేనే. అత్త ఫోను తర్వాత నేను రెండు తువ్వాళ్ళు కట్టాను.

నా భయం ఫోటో గురించి మాత్రమే కాదు. ఆ ఫోటో ఎక్కడెక్కడికి పోయి ఉంటుందో నాకు బాగా తెలుసు. అది తెలియాలంటే మా మామ గురించి చెప్పాలి.

మామ, అమ్మకు తమ్ముడు, మదనపల్లెలో నెట్ సెంటరు నడిపేవాడు. మెసెంజరు అనేది వచ్చిన కొత్తలో, పెళ్ళి శుభలేఖలు పంచినట్టు మా బంధువులందరికీ తలా ఒక ఐడీ తెరిచి ఇచ్చాడు. ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోతే మాట వస్తుంది కదా. మౌసు పట్టుకోవడం రానివాళ్ళకు కూడా ఇచ్చాడు. అందరినీ అందరికీ స్నేహితులుగా కలిపాడు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టాడు, గంగమ్మ తల్లి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. "మరిసిపోతే పక్కోళ్ళని అడుక్కోవచ్చు గదా పాపా" అన్నాడు. చదువుకున్న మనిషి. మాకు అది గొప్ప ఏర్పాటుగా కనిపించింది.

నేను హాస్టలుకు వెళ్ళగలిగింది కూడా ఆ మెసెంజరు పుణ్యమే. మా నాయనకు పుంగనూరు బజారులో స్టీలు సామాన్ల అంగడి. అమ్మిన ప్రతి గిన్నె మీదా పేరు కొట్టి ఇచ్చేవాడు. జుయ్‌మని మోగే చిన్న మిషనుతో, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఎంత చిన్న గరిటె మీదైనా ఇంటిపేరుతో సహా చెక్కేవాడు. మా వీధుల్లో గిన్నెలు ఒక చోట ఉండవు. పెళ్ళికి ఒక ఇంటికి పోతాయి, దినానికి ఇంకో ఇంటికి పోతాయి. పేరున్న గిన్నె ఎంత తిరిగినా ఇల్లు చేరుతుందని నాయన నమ్మకం. కూతురు విషయంలో మాత్రం ఆయనకు ఆ ధైర్యం చాలలేదు. ప్రతి ఆదివారం పుంగనూరు నెట్ సెంటరులో ఆయన, కుప్పం నెట్ సెంటరులో నేను కూర్చుని, కెమెరాలో ఒకరికొకరు కనిపించాలి. ఆ షరతు మీద పంపాడు.

పంపొద్దన్నది పెదనాయన. నాయనకు అన్న, ఎదురు వీధిలో బట్టల అంగడి. మా ఇంటి ఆడపిల్లల్లో హాస్టలు గడప తొక్కినవాళ్ళలో నేనే మొదటిదాన్ని, ఆఖరిదాన్ని కూడా నేనే కావాలని ఆయన కోరిక. "ఒక్క మాట రానీ, ఒకే ఒక్క మాట. ఆ రోజే తీసుకోనొచ్చెయ్యల్ల" అని నాయన చేత ఒప్పించుకున్నాడు. ఆదివారాలు నాయనతో పాటు వచ్చి కూర్చుని, తెర మీద నన్ను వదిలేసి నా వెనక గోడను పరిశీలించేవాడు. మామ ఆయనకూ ఒక ఐడీ ఇచ్చాడు. ఇవ్వకపోతే మాట వస్తుంది కదా.

అంటే, ఆ ఫోటో ఏదైనా సరే, పెదనాయనకు కూడా పోయి ఉంటుంది.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి, రైల్వే స్టేషను దారిలో నేను ఎప్పుడూ వెళ్ళే నెట్ సెంటరుకు వెళ్ళాను. ఎప్పుడూ కూర్చునే మిషను ముందే కూర్చున్నాను. మెసెంజరు తెరిచాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక చిన్న కిటికీ దానంతటదే తెరుచుకుంది. అది చిన్నమ్మ కిటికీ. అందులో నా పేరు, నా పేరు పక్కన ఇంగ్లీషులో ఒక వాక్యం. నా కొత్త ఫోటోలు, చూడండి. కింద నీలి రంగులో ఒక లింకు. ఆ కిటికీ మూసుకుంది. అత్త కిటికీ తెరుచుకుంది. నా పేరు, నా కొత్త ఫోటోలు, లింకు. మూసుకుంది. మామది. నాయనది. పెదనాయనది.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. నేను చూస్తూ ఉన్నాను, నేను రాస్తూ ఉన్నాను. అద్దంలో మన బొమ్మ మనకంటే ముందు కదిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. పోలీసులు వచ్చినప్పుడు ఎత్తినట్టు చేతులు రెండూ పైకెత్తి, "అన్నా, నేను కాదు" అన్నాను. ఎవరికి చెప్పానో తెలియదు.

సెంటరాయన వచ్చి తెర చూశాడు. "వైరస్సమ్మా" అన్నాడు. ఆయనకు అన్నీ వైరస్సే. మౌసు కదలకపోయినా వైరస్సు, కరెంటు పోయినా వైరస్సు. ఈసారి మాత్రం నిజం చెప్పాడు. గబగబా వంగి వెనక వైరు పీకేశాడు.

"ఏదైనా లింకు నొక్కినావా ఈడ?"

నొక్కాను. అంతకు ముందు ఆదివారం మామ పేరుతో అలాంటిదే ఒకటి వచ్చింది. మామ పంపాడు కాబట్టి నొక్కాను. తెరుచుకోలేదు. పెద్దవాడు పంపింది కదా అని ఇంకోసారి నొక్కాను. మధ్యలో మిషను ఏదో అడిగితే అవునన్నాను. ఆ కాలంలో కంప్యూటరు ఏది అడిగినా అవుననడమే మర్యాద అనుకునేవాళ్ళం.

"అదే. అప్పట్నించి నీ పేరుతో అందరికీ పంపిస్తాండాది" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. వైరస్ అంటే ఫోటో లేనట్టే కదా? అదే అడిగాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "అట్ల చెప్పలేమమ్మా. కొన్ని వైరస్సులు కెమెరాని వాటంతటవే తెరుసుకోని మనుషుల్ని ఫోటోలు తీస్తాయంట. బెంగుళూర్లో ఎవురికో జరిగిందంట."

మిషను మీద ఉన్న కెమెరా కేసి చూశాను. బఠాణీ గింజంత కన్ను. ప్రతి ఆదివారం నాయనకు కనిపించడం కోసం నేనే దాన్ని సరిగ్గా నా ముఖం మీదికి తిప్పుకునేదాన్ని. కనిపించడం అయిపోయాక ఎన్నిసార్లు దాని ముందే ఓణీ సర్దుకున్నానో, జడ విప్పి మళ్ళీ అల్లుకున్నానో లెక్క లేదు. ఆయన దగ్గర కూడా రుజువేమీ లేదు, ఒక 'అంట' తప్ప. కానీ నా వైపు ఇద్దరు సాక్షులు ఉన్నారు. చిన్నమ్మ చూసింది. అత్త చూసింది. లేని ఫోటోను ఇద్దరు ఎలా చూస్తారు?

ఆ సాయంత్రమే నాయన ఫోను.

"ఈ ఆదివారం నెట్టు కాడికి పోవద్దు. శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చెయ్."

"సరే నాయనా."

అవతల మిషను జుయ్‌మనడం ఆగింది. "పెట్టె గూడా తెచ్చుకో" అన్నాడు.

"యాల నాయనా?"

"పెదనాయన సూసినాడంట" అని పెట్టేశాడు.

హాస్టల్లో ఉండేవాళ్ళకు ఆ మాట అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. సెలవుకు పోయేవాళ్ళు సంచితో పోతారు. ఇనుప పెట్టె మంచం కిందే ఉంటుంది. పెట్టె బస్సు టాపు మీదికి ఎక్కిందంటే మనిషి మళ్ళీ రాదని లెక్క. నా కళ్ళ ముందే అలా ఇద్దరు వెళ్ళారు. ఆ తర్వాత వాళ్ళ మంచాల మీద మేము బట్టలు ఆరేసుకున్నాం.

శనివారం పొద్దున్నే నా గదిలోని అమ్మాయి పెట్టె రెండో చెవి పట్టుకుని బస్టాండు దాకా వచ్చింది. దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బస్సు కదిలేటప్పుడు మాత్రం, "నీ మంచం మీద నేను బట్టలారెయ్యన్లే" అంది. నాతో ఆ ఏడాది ఎవరూ అంత మంచి మాట అనలేదు.

పలమనేరులో బస్సు మారాను. పుంగనూరుకు టికెట్టు తీసుకోవలసింది, నా నోరు దానంతటదే మదనపల్లె అంది. పెదనాయన ఎదుటికి పోయేముందు మామను చూడాలి. ఆ ఫోటోలో ఏముందో ఒక్క మనిషైనా నాకు చెప్పాలి. ఉరిశిక్ష పడినవాడు కూడా కాగితంలో ఏం రాశారో అడుగుతాడు కదా.

కాకపోతే మదనపల్లె బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. ఊరు రాగానే చున్నీ ముఖం మీదికి లాక్కుని సీట్లో జారాను. బస్టాండులో వేరుశనక్కాయలమ్మే అవ్వ కిటికీల కింద నడుస్తూ వచ్చి, నా కిటికీ దగ్గర ఆగిపోయింది. మా అంగడిలోనే కొన్న డబ్బా నెత్తిన ఉంది, దాని మీద ఆమె పేరు నాయన చేతిరాతలో.

"యాంది పాపా, ఊరొచ్చింది, దిగవా?"

"మదనపల్లెకి పోతాండా అవ్వా."

ఆమె కళ్ళెత్తి టాపు మీదికి చూసింది. "పెట్టె గూడా ఏసుకోని పోతాండావా?"

కండక్టరు కూడా వెనక్కు తిరిగి, "పుంగనూరు పెట్టె ఎవురిదప్పా, దించల్లా వద్దా?" అని బస్సంతా వినపడేలా అరిచాడు. మా పేరు, ఊరు పెట్టె మీద గజం ఎత్తున రాసి ఉన్నాయి. నాయన రాయించాడు. వద్దని చెయ్యూపి, బస్సు కదిలేదాకా తల దించుకుని కూర్చున్నాను. పెళ్ళికాని పిల్ల, ఇనుప పెట్టె, సొంత ఊళ్ళో దిగకుండా పోయిన బస్సు. ఒక అపవాదు నుంచి బయటపడడానికి బయల్దేరి, దారిలో ఇంకొకదానికి పునాది వేశాను.

మామ సెంటరు తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. లోపల సగం మిషన్లు మూతలు ఊడదీసి, ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టినట్టున్నాయి. మామ గడ్డం పెరిగి ఉంది. చేతిలో ఒక సీడీ. ఒక్కొక్క మిషనునూ తుడిచి, అన్నీ మొదటి నుంచి ఎక్కిస్తున్నాడు.

"మొదట నా మిషనుకే వచ్చింది పాపా. ఎవురో కస్టమరు నొక్కినాడు. ఆ టయానికి నా ఐడీ తెరిసుండాది. ఊరంతా తిడతాండారు" అని, పెట్టె చూసి ఆగాడు. "బావ పెట్టె తెమ్మన్న్యాడా?"

తల ఊపాను.

"నువ్వేం ఫోటో పంపించినావే తల్లీ?"

"నువ్వు చూశావా మామా?"

"నేనా? ల్యా. మీ అత్త సూసిందంట. బాగుండాదంట."

అతని గొంతులో కూడా భయం విన్నాను. వైరస్సుకు కాదు, తన అక్క కూతురి ఫోటోకు భయపడుతున్నాడు. చూసే అవకాశం ఉండి కూడా చూడలేదు. ఎందుకు చూడలేదని అడగడానికి నాకు, చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

తుడిచిన మిషను ఒకటి సిద్ధం చేసి నన్ను కూర్చోబెట్టాడు. గంగమ్మ తల్లికి మనసులో దండం పెట్టుకుని ఆమె పేరు తీసేసి పాస్‌వర్డ్ మార్చాను. తర్వాత మామ చెప్పినట్టు బంధువులందరికీ ఒక సందేశం పంపాను. 'నా పేరుతో ఏ లింకు వచ్చినా నొక్కొద్దు. అది నేను పంపలేదు. వైరస్ పంపుతోంది.'

చిన్నమ్మ ఇంట్లోనే కంప్యూటరు ఉంది. వెంటనే జవాబు వచ్చింది.

'చూసినామమ్మా. చాలా బాగుంది.'

నేనూ మామా ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాం. మామ ఫోను నా చేతిలో పెట్టాడు. చిన్నమ్మకు చేశాను.

"ఇప్పుడేం చూశావు చిన్నమ్మా?"

"నువ్వు పంపించింది."

"అందులో ఏముంది?"

"ఏమోనమ్మా, కండ్లద్దాలు యాడ పెట్టినానో. ఏందో ఇంగిలీషులో వచ్చింది. నువ్వు పంపించినావు గదా, బాగానే ఉంటాదిలే అని..."

"మొన్న ఫోటో?"

అవతల నిట్టూర్పు. "అది తెరుసుకోలేదమ్మా. రెండు మూడు తూర్లు నొక్కినా. పిల్ల అంత ఆశగా పంపిస్తే సూల్లేదంటే బాధపడదా?"

"చిన్నాయన చూశాడన్నావు?"

"ఆయప్ప పేపరు సదువుకుంటా ఊఁ అన్న్యాడు. అంతే."

నేను పెట్టేయగానే మామ ఆ ఫోను తీసుకుని ఇంట్లో ఉన్న అత్తకు చేసి ఇదే అడిగాడు. అక్కడా ఇదే జవాబు. తెరుచుకోలేదు. బాగుందన్నది మర్యాదకు. మా వైపు విస్తట్లో ఏం పడిందో చూడకముందే వంట బాగుందంటాం. కొత్త కోడలి ముఖం మీద ముసుగు తీయకముందే లక్ష్మీకళ అంటాం. కంప్యూటరుకు వేరే మర్యాద ఉంటుందని మాకు ఎవరు చెప్పారు?

అప్పుడు గుర్తొచ్చింది. మామ పేరుతో వచ్చిన లింకును ఆ ఆదివారం రెండుసార్లు నొక్కి, ఏదీ తెరుచుకోకపోయాక, నేను రాసిన జవాబు. 'చూశాను మామా, చాలా బాగుంది.'

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మిగతావాళ్ళందరూ మర్యాదకు అబద్ధం చెప్పారు, సరే. పెదనాయన మీద మర్యాద అనే నింద ఇంతవరకూ ఎవరూ వేయలేదు. ఆయన చూశానంటే?

"మామా, ఆ లింకులో నిజంగా ఏ ఫోటో ఉండదా?"

"ఉండదు పాపా. నొక్కితే ఒక ప్రోగ్రాం దిగుతాది, మిషన్లో కూర్చుంటాది, మళ్ళా అందరికీ లింకు పంపిస్తాది. అంతే దాని పని."

"కెమెరా?"

"దీనికి అంత తెలివి ల్యాదనే అనుకుంటాండా."

ఆ 'అనుకుంటాండా' అన్న మాటను పుంగనూరు దాకా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. పెట్టె మళ్ళీ టాపు మీద, మామ నా పక్క సీట్లో.

అంగడిలో నాయన ఒక లోటా మీద పేరు కొడుతున్నాడు. ఎదురుగా స్టూలు మీద పెదనాయన. మామ పెట్టెను బిందెల వరుస పక్కన దించాడు. నాయన తల ఎత్తలేదు.

"పెట్టె తెచ్చుకున్న్యావా. మంచిపని" అన్నాడు పెదనాయన.

మామ నిలబడే మొదలుపెట్టాడు. వైరస్సు, లింకు, మదనపల్లెలో మొదలవడం, అందరి మిషన్లకూ పాకడం. పెదనాయన చివరిదాకా విన్నాడు.

"వైరస్సంటే జరమా? మిషనుకి జరమొస్తే ఆడపిల్ల ఫోటోలు పంచుతాదా? నా కండ్లతో నేను సూసినానప్పా."

"ఏం సూసినారు పెద్దబావా?"

పెదనాయన నా వైపు చూశాడు, మళ్ళీ వీధి వైపు చూశాడు. "ఆడబిడ్డ ముందర చెప్పే మాటనా అది?"

అంతకంటే భయంకరమైన వాక్యం నేను ఇప్పటిదాకా వినలేదు. అందులో ఫోటో లేదు, కానీ అది విన్న ప్రతివాడి తలలోనూ ఒక ఫోటో తయారవుతుంది. నా తలలో తయారైంది. మామ తలలో ఏం తయారైందో అతని ముఖం మీద కనిపించింది. నాయన తలలోది ఊహించే ధైర్యం నాకు లేదు. పక్కనున్న బిందె అంచు పట్టుకున్నాను.

ఏదో ఒకటి అనాలని, "నాయనా, మన పేరు కొట్టిన గిన్నె ఎవరింట్లోనో ఉంటుంది. దాంట్లో వాళ్ళు వండింది మనం వండినట్టా?" అన్నాను.

"గిన్నె ఎవురిది?" అన్నాడు పెదనాయన. "పేరుండేవాళ్ళదే గదా? కంపు కొడితే ఎవుర్ని అడుగుతారు?"

నాయన మిషను ఆపాడు. చేతిలో ఉన్న లోటాను పైపంచెతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసేటప్పుడు అలాగే చూస్తాడు.

"నేనూ సూసినా అన్నా" అన్నాడు.

నేను బిందె అంచు వదిలేశాను.

"పచ్చ ఓణీ. ఎర్ర రవిక. ఇద్దో, ఈ అంగడి ముందరే నిలబడుకోనుండాది. చేతిలో స్టీలు క్యారియరు." లోటా దించాడు. "దాంట్లో తప్పేముండాదన్నా?"

నేను పెదనాయన ముఖమే చూస్తున్నాను. ఆయన నిజంగా ఇంకేదైనా చూసి ఉంటే ఇప్పుడు కాదంటాడు. కాదంటే ఏది అవునో చెప్పాలి. ఆయన కళ్ళు నాయన మీద నుంచి బిందెల మీదికి, బిందెల మీద నుంచి నా పెట్టె మీదికి పోయాయి. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఆఁ" అన్నాడు చివరికి. "పచ్చదే. పచ్చదే అనుకో. అయినా ఓణీ అంత పల్చంగా ఉండల్నా? అదీ నేను చెప్పేది."

"ఈ తూరి దుప్పటంత మందంది తీసిస్తాలే అన్నా. మీ అంగట్లోనే తీస్తా."

పెదనాయన లేచి, పంచె దులుపుకుని, "పిల్లని అదుపులో పెట్టుకో" అని తన గౌరవానికి తగ్గకుండా మెట్లు దిగాడు. ఎదురు వీధిలోకి తిరిగేదాకా నాయన ఆయన వీపునే చూస్తూ ఉన్నాడు.

నాకు పచ్చ ఓణీ లేదు. ఎప్పుడూ లేదు.

నాయన మళ్ళీ మిషను అందుకోబోయాడు. అది చేతిలోంచి జారి బల్ల మీద పడింది. తీయలేదు. వీధిలోకి వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ ఫోటోనూ ల్యాదు గదామ్మా?"

"లేదు నాయనా. నువ్వు చూశానన్నావు?"

"నేనా? నేను ఆ నెట్టు సెంటరు పక్కకే పోల్యా. మీ పెదనాయన వచ్చి చెప్పినకాడ్నించి ఆ వీధిలో నడవల్లంటేనే కాళ్ళు రాల్యా. అన్నానికి ఇంటికి గూడా సుట్టు తిరిగి పోతాండా." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోయి సూస్తే ఏముంటాదో అని."

మామ ఒక బిందె మీద కూర్చుండిపోయాడు. అది అమ్మకానికి పెట్టిన బిందె. నాయన ఏమీ అనలేదు.

సోమవారం మొదటి బస్సుకు పెట్టెను నాయనే టాపు మీదికి ఎక్కించి, తాడు రెండుసార్లు లాగి చూశాడు. హాస్టల్లో నా మంచం ఖాళీగా ఉంది. గదిలోని అమ్మాయి మాట నిలబెట్టుకుంది.

పచ్చ ఓణీ మాత్రం ఊళ్ళో నిలిచిపోయింది. పెదనాయన నోటి మాట పుంగనూరులో వృథా పోదు. ఆ తర్వాత కొన్నేళ్ళ దాకా పెళ్ళిళ్ళలో నన్ను పట్టుకుని, ఆ పచ్చ ఓణీ ఫోటో తామూ చూశామని, బాగుందని చెప్పినవాళ్ళు ఉన్నారు. అమ్మ ఒకసారి బీరువా మొత్తం వెతికి, ఆ ఓణీ ఏం చేశావని నన్నే అడిగింది. ఇప్పటికీ ఎవరైనా నవ్వుతూ ఎదురొచ్చి నీ ఫోటో చూశామంటే, వాళ్ళు రెండో మాట అనేదాకా నా కడుపులో ఆ బఠాణీ గింజంత కన్ను తెరుచుకునే ఉంటుంది.

నేను తిరిగొచ్చిన ఆ వారమే, ఆదివారం కుప్పంలో, తుడిచి కొత్తగా ఎక్కించిన మిషను ముందు కూర్చున్నాను. చాలాసేపటికి పుంగనూరు బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చి అతుక్కుంది. పెదనాయన లేడు. నాయన ఒక్కడే, తెర వైపు చూడకుండా, గోడకు ముఖం పెట్టి పక్కకు తిరిగి కూర్చున్నాడు. చెవి ఒక్కటే కనిపిస్తోంది.

"నాయనా" అన్నాను.

"ఎవురూ?" అన్నాడు గోడతో.

"నేనే."

"నువ్వేనా?"

"నేనే నాయనా."

గోడతోనే ఇంకో ప్రశ్న వేశాడు. "నీ కాడ పచ్చ ఓణీ ఉండాదా?"

"లేదు నాయనా."

అప్పుడు నెమ్మదిగా ఇటు తిరిగాడు.